మైనస్ 40 డిగ్రీల ఇంజిను!

మండు వేసవి. మిట్టమధ్యాహ్నం నారాకోడూరు దగ్గర కారు ఆగిపోయింది. వెనక సీట్లో అత్తయ్య. గుంటూరులో డయాలసిస్ చేయించి తెనాలి తీసుకొస్తున్నా. ఇంజిను వేడిగా ఉంటే ఎంతకీ స్టార్టవదు, చల్లారాక ఏమీ ఎరగనట్టు బయల్దేరుతుంది. పొగ నల్లగా వస్తోంది. లీటరుకి 15 కిలోమీటర్లు ఇచ్చేది 10కి దిగింది. డ్యాష్‌బోర్డు మీద పసుపు రంగు ఇంజిను లైటు ఆరడమే లేదు.

మెకానిక్ బానెట్ ఎత్తి నిమిషం చూసి, "కంప్యూటర్ పోయిందమ్మా, 18 వేలవుతుంది. సార్‌ని ఓసారి పంపించండి, మాట్లాడతా" అన్నాడు. సార్ ఉండేది దుబాయ్‌లో. కారు నడిపేది నేను, డబ్బు కట్టేదీ నేనే. 18 వేలకన్నా ఆ "సార్‌ని పంపించండి" అన్న మాటే ఎక్కువ గుచ్చుకుంది.

నేను ఎరువుల కొట్లో ట్యాలీలో లెక్కలు రాసే మనిషిని. ల్యాప్‌టాప్ ఉంది. "దాన్నే కారుకి తగిలించి చూడమ్మా" అంది బెంగళూరులో చదువుతున్న మా అమ్మాయి.

అమెరికాలో 1996 నుంచి కొత్త కార్లన్నిటికీ ఇంజిను జబ్బు చెప్పే సాకెట్ ఉంటోంది. మన దగ్గర భారత్ స్టేజ్-4 కార్లకి 2010 ఏప్రిల్ నుంచి ఈ ఏర్పాటు తప్పనిసరి అయింది. మాది 2011లో హైదరాబాద్‌లో కొన్నది. పాత కార్బురేటరు కార్లకైతే తగిలించడానికి కంప్యూటరే ఉండదు. మధ్యకాలపు కొన్నిట్లో ఉన్నా, వాటి కంపెనీ భాష తప్ప ఇంకోటి మాట్లాడవు. కేబుల్ కొనేముందు మీ కారు ఏ సంవత్సరానిదో చూసుకోండి.

స్టీరింగ్ కింద వంగి చూస్తే పదహారు పిన్నుల సాకెట్ కనిపించింది. మొదట కొన్న చౌకరకం కేబుల్ ఉలకలేదు, పలకలేదు. రెండోది తెప్పించా. తాళం తిప్పి లైట్లన్నీ వెలిగాక, ఇంజిను స్టార్ట్ చెయ్యకుండా కనెక్ట్ చెయ్యాలి. అయినా 'ఎర్రర్' అనే వచ్చింది. ఇలాంటి పాత కార్లు ఏడో పిన్ను మీద ఒకే తీగతో మాట్లాడతాయట. వాటిని పలకరించే పద్ధతి కూడా పాతదే: సెకనుకి అయిదు బిట్లు! పడుకున్న ముసలావిడని లేపినట్టు నెమ్మదిగా పిలవాలన్నమాట. సాఫ్ట్‌వేర్‌లో 'ఆటోమేటిక్' తీసేసి ఆ పద్ధతి ఎంచుకున్నా. రెండు మూడు సెకన్లు చూసి, పలికింది!

కోడ్ పి0118. ఇంజిను చల్లబరిచే నీటి వేడి కొలిచే సెన్సార్ సర్క్యూట్‌లో లోపం. అంకెలు చూద్దును కదా, ఆ నీళ్లు మైనస్ 40 డిగ్రీలు! తెనాలిలో, మే నెలలో!

రాత్రంతా ఆగి ఉన్న కారులో ఆ నీళ్లూ, ఇంజిను పీల్చే గాలీ ఇంచుమించు ఒకే వేడిలో ఉండాలి. గాలి 31 చూపిస్తోంది. ఈ సెన్సార్ వేడెక్కేకొద్దీ కరెంటుకి అడ్డం తగ్గుతుంది. తీగ తెగితే అడ్డం అంతులేనిది కాబట్టి, కారు కంప్యూటర్‌కి అది గడ్డకట్టే చలిలా కనిపిస్తుంది. పాపం, చలికి వణుకుతోందనుకుని ఇంజినుకి పెట్రోలు కుమ్మరిస్తోంది. అందుకే నల్లపొగ, అందుకే వేడిలో మొరాయింపు.

ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. కోడ్ చెప్పేది సర్క్యూట్ సంగతి. సెన్సార్ పోయిందా, తీగ తెగిందా అన్నది మనం చూసుకోవాల్సిందే. కోడ్ కాగితం మీద రాసుకోకుండా తుడిపెయ్యొద్దు కూడా.

ఆ కాగితం పట్టుకుని మెకానిక్ దగ్గరికెళ్లా. "ముందు ఈ తీగ చూడు బాబూ" అన్నా. సణుగుతూనే తొడుగు విప్పాడు. ఎలుక కొరికిన తీగ! కొత్త తీగ అతికి 350 తీసుకున్నాడు. కోడ్ తుడిపాక లైటు మళ్లీ వెలగలేదు. అత్తయ్య డయాలసిస్‌కి ఒక్కరోజు కూడా ఆలస్యం కాలేదిక.

అన్నట్టు, పని కాగానే కేబుల్ పీకెయ్యండి. ఆ సాకెట్‌లో పదహారో పిన్నుకి బ్యాటరీ కరెంటు ఎప్పుడూ వస్తూనే ఉంటుంది. నేను మర్చిపోయి పండక్కి ఊరెళ్లా. పదిరోజుల తర్వాత వచ్చి చూస్తే బ్యాటరీ చచ్చి ఉంది. వీధిలో పిల్లలందర్నీ పిలిచి కారు తోయించుకున్నా.