అతుకుకు ముందు ఆకురాయి

పిల్లలూ! వెల్డింగు కొట్టు ముందు నిప్పురవ్వలు మీరు చూసే ఉంటారు. (వట్టి కళ్ళతో ఆ వెలుగుకేసి చూడకండి సుమా!) అసలు నేర్పంతా అంతకుముందే ఉంది.

కోసే చక్రం 2 మిల్లీమీటర్ల మందమనుకోండి. 4 కోతలకు 8 మిల్లీమీటర్ల గొట్టం పొడైపోతుంది! ఆ లెక్క మరిస్తే ముక్కలు పొట్టివవుతాయి. కోసిన అంచుల గరుకును ఆకురాయితో తీయాలి. తుప్పు, నూనె మిగిలితే అతుకులో బుడగలు పడతాయి.

చట్రానికి ముందు చుక్కలుగా అతికి, మూల నుంచి మూలకు కొలుస్తారు. ఎదురెదురు భుజాలు సమానమై, కర్ణాలు కూడా సమానమైతేనే మూలలు 90 డిగ్రీలు. పూర్తిగా అతికాక దిద్దడం కష్టం. చల్లారే లోహం ముడుచుకుంటూ ముక్కలను లాగుతుంది కూడాను.

మా బడి గేటుకు కర్ణాలు కొలవలేదు. నేను రిటైరయ్యేదాకా దాన్ని ఎత్తిపట్టే మూశాం.