వార్డులో అందరికీ చోటు

పూతలపట్టు వైపు పల్లెల నుంచి తిరుపతి రుయా ఆసుపత్రికి వచ్చే రోగి తన బాధను తెలుగులోనో, తమిళం కలిసిన మాటల్లోనో చెబుతాడు. మంచం పక్కన నిలబడ్డ వైద్య విద్యార్థిది ఏ రాజస్థానో కావచ్చు.

రుయా బోధనాసుపత్రిగా ఉన్న, 1960లో మొదలైన శ్రీ వేంకటేశ్వర వైద్య కళాశాల వంటి ప్రభుత్వ కాలేజీల్లో 15 శాతం ఎంబీబీఎస్ సీట్లు అఖిల భారత కోటావి. భాష రాకపోతే రోగి వివరాలు రాబట్టడానికి తోటి విద్యార్థో, నర్సో సాయపడాలి. మొహమాటపడితే వెనక వరుసే గతి.

అందుకే 2019 నాటి కొత్త పాఠ్యప్రణాళిక, ఫౌండేషన్ కోర్సులో స్థానిక భాషకూ చోటిచ్చింది.

భాష ఒక్కటే అడ్డంకి కాదు. 40 శాతం వైకల్యం ఉందన్న ఒక్క కారణంతో ఎంబీబీఎస్ ప్రవేశం నిరాకరించరాదని, అభ్యర్థి ఆ కోర్సు చదవగలరో లేదో వైకల్య నిర్ధారణ బోర్డు పరిశీలించాలని 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. సీటు దక్కాక వార్డుకు ర్యాంపు, రౌండ్స్‌లో ప్రశ్న అడిగే అవకాశం కల్పించాల్సింది కాలేజీలే.