సంస్థ నడవడి

పాఠశాలలో క్రొత్తగా చేరిన బాలుడు మొదటి దినముననే నియమావళిని చదువడు. గంట మ్రోగిన పిమ్మట వచ్చినవానిని ఉపాధ్యాయుడు ఏమనుచున్నాడో, నేలపై పడిన కాగితపు ముక్కను ఎవ్వరైన తీయుచున్నారో లేదో, తెలియదని ఒప్పుకొన్నవానిని చూచి తక్కినవారు నవ్వుచున్నారో లేదో కనిపెట్టును. వారము తిరుగక మునుపే తానును అట్లే నడచుకొనును. కర్మాగారమునందును, కార్యాలయమునందును జరుగునది ఇదియే. పలువురు కలిసి పనిచేయుచోట, ఎవ్వరును ఆజ్ఞాపింపకయే అందరును పాటించు అలవాటుల మొత్తమును సంస్థా సంస్కృతి యందురు. మనము దానిని నడవడి యని పిలుచుకొందము. మనుష్యునకువలె సంస్థకును నడవడి కలదు.

వరంగల్లులోని వృద్ధులు ఆజంజాహి మిల్లు కూతను ఇప్పటికిని తలచుకొందురు. నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలమున, 1934లో నెలకొన్న ఆ బట్టల మిల్లునకు ఆయన పెద్ద కుమారుడైన ఆజంజా పేరు పెట్టిరి. కూత వినబడగానే కార్మికులు గుంపులు గుంపులుగా ద్వారము చేరెడివారు. 1974లో అది జాతీయ జౌళి సంస్థ చేతికి వచ్చినది, 2002లో మూతపడినది. అందులకు కారణములు పెక్కు. వానిని ఇచట చర్చింపము. కూత మనుష్యుని వేళకు ద్వారము కడకు తేగలదు. లోపల తెగిన నూలుపోగు కంటబడినప్పుడు అతడు దానిని అతుకునా, చూడనట్లు పోవునా యన్నది కూత చేతిలో లేదు.

మరి కూత వేయించు యజమానియే లేనిచోట నడవడి ఎట్లేర్పడును? హనుమకొండనుండి సిద్దిపేటకు పోవు దారిలో, ఎల్కతుర్తి దాటిన పిదప ముల్కనూరు గ్రామము వచ్చును. 2016 వరకు అది కరీంనగరు జిల్లాలోనిది. నేడు హనుమకొండ జిల్లాలోనిది. 1956లో అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డిగారి పూనికతో అచట రైతుల సహకార సంఘము ఏర్పడినది. అప్పులిచ్చు సంఘములు దేశమున అప్పటికే ఎన్నో కలవు. తీసికొన్న అప్పు తిరిగి కట్టువారు లేక వానిలో అనేకము కూలిపోయినవి. ముల్కనూరు సంఘము అప్పిచ్చి ఊరకుండలేదు. ఎరువును, విత్తనమును సమకూర్చినది. పండిన ధాన్యమును, ప్రత్తిని తానే కొన్నది. బియ్యపు మిల్లును, ప్రత్తి జిన్నింగు మిల్లును పెట్టినది. ఇట్లు అప్పును అమ్మకముతో ముడివేసినచో, పంట సొమ్ములోనే బాకీ తీరి మిగిలినది రైతు చేతికి వచ్చును. మాట నిలుపుకొనుమని సభలో ఉపన్యసించుటకంటె, మాట నిలుపుకొనుట తేలిక యగునట్లు ఏర్పాటు చేయుట మేలైన ఉపాయము గదా!

అయినను ఇట్టి అలవాటునకు పరీక్షలు రాకపోవు. 2008లో కేంద్ర ప్రభుత్వము రైతుల ఋణములను రద్దు చేసినప్పుడు, గడువు మీరి నిలిచిన బాకీలకే ఆ పథకము వర్తించినది. ఏటేట వేళకు కట్టిన రైతు అప్పు దాని పరిధిలోనికి రాలేదు. కష్టములో నున్నవానిని ఆదుకొనుట న్యాయమే. కాని "నేను కట్టి చెడితినా?" యని ఆ రెండవ రైతు అడిగినచో సమాధానము చెప్పుట సులభము కాదు. ఏండ్ల తరబడి పెరిగిన నడవడి ఇట్టి ప్రశ్నతో సడలిపోవచ్చును.

1995లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ పరస్పర సహాయ సహకార సంఘముల చట్టమును చేసినది. ఈ చట్టము క్రింద ఏర్పడిన సంఘము ప్రభుత్వమునుండి వాటాధనము తీసికొనరాదు. మంచిచెడ్డల భారము సభ్యులదే. ఆ చట్టము క్రిందనే 2000లో ముల్కనూరు ప్రాంతపు స్త్రీలు పాల ఉత్పత్తిదారుల సంఘమును స్థాపించుకొనిరి. "స్వకృషి" యను పేరుతో వారి పాలు అమ్ముడగును. సభ్యులును స్త్రీలే, పాలకవర్గమును స్త్రీలే.

పాల వ్యాపారమున నడవడి చెంబెడు నీళ్లతో బయటపడును. ఊరివారి పాలన్నియు ఒకే క్యానులో కలియును. ఒకరు నీరు కలిపినచో అందరి పాలును పలుచనగును. అందుచేతనే పాలకేంద్రములలో ఎవరి పాలు వారివిగా కొలిచి, వెన్నశాతము చూచి, ధర కట్టుదురు. ఇంతవరకు యంత్రము పని. కాని యంత్రము ముందు నిలిచిన ఆమె పరదేశి కాదు. పాలు తెచ్చినవారిలో ఒకరు ఆమెకు వదిన, మరియొకరు అక్క. "వదినా, ఈ పూట పాలు నిలువవు" అని నలుగురి యెదుట చెప్పుట ఎంత కష్టము! చెప్పక ఒక్కసారి ఊరకుండెనా, సాయంకాలమునకు ఆ సంగతి ఊరెల్ల తెలియును. మరునాటినుండి నియమము పుస్తకములోనే యుండును.

గోడపై "సమయపాలన" అని వ్రాయించి, దాని క్రిందనే ఆలస్యముగా వచ్చి కూర్చుండు అధికారిని మనము చూడకపోలేదు. అచట చేరిన క్రొత్త గుమాస్తా గోడను చదువడు, అధికారిని చదువును. పాల సంఘములోనైనను అంతే. అధ్యక్షురాలి పాలు పరీక్ష లేకయే లోనికి పోయినచో, ఎన్ని తీర్మానములు చేసినను ఫలము లేదు. ఆమెయు అదే వరుసలో నిలిచి, తన పాలు తక్కువ ధరకు వచ్చిన నాడు ఆ చీటీని మారుమాటాడక తీసికొన్నచో, తీర్మానముతో పనియే యుండదు.

తెల్లవారుజామున క్రొత్త సభ్యురాలొకతె పాలచెంబుతో వచ్చి వరుస చివర నిలుచును. ఆమెకు నిబంధనలను ఎవ్వరును చదివి వినిపింపరు. ముందున్న నలుగురి పాలను ఎట్లు కొలుచుచున్నారో, ఎవరినేమనుచున్నారో ఆమె చూచుచుండును. అంతలో ఆమె వంతు వచ్చును.