మోటారుకారులో మరల మరల వచ్చు ఆక్సిజను సెన్సరు దోషము

పెట్రోలు కార్లు గల మన సభ్యులలో కొందఱు ఒకే ఫిర్యాదు చెప్పుచున్నారు. ఇంజను దీపము వెలుగును. మెకానిక్కు స్కానరు తగిలించి, ఆక్సిజను సెన్సరు కోడు వచ్చినదని క్రొత్త సెన్సరు వేయును. కొలది దినములకే దీపము మరల వెలుగును. ఎరువులకు దాచుకొన్న సొమ్ము ఇట్లు రెండు మాఱులు వ్యయమగుట తగదు. కావున ఈ విషయమును ఇచట వివరించుచున్నాము.

ఒక పాలు పెట్రోలు సరిగా మండుటకు తూనికలో సుమారు 14.7 పాళ్ల గాలి కావలయును. పొగగొట్టమునకు బిగించిన సాధారణ జిర్కోనియా సెన్సరు, పొగలో మిగిలిన ఆక్సిజనును బట్టి విద్యుత్తును పుట్టించును. గాలి హెచ్చినచో సుమారు 0.1 వోల్టు, పెట్రోలు హెచ్చినచో సుమారు 0.9 వోల్టు వచ్చును. కంప్యూటరు దానిని చూచి పెట్రోలును సవరించుచుండును. సుమారు 300 డిగ్రీల సెంటీగ్రేడు వేడి లేనిదే సెన్సరు సరిగా పనిచేయదు గనుక దానిలో చిన్న హీటరు అమర్చబడియున్నది.

వరి ఆకు పసుపెక్కినచో, నత్రజని లోపమో, నీరు నిలిచిన దోషమో చూడక యూరియా చల్లము గదా! కోడు విషయమును అట్టిదే. అది సాక్షివంటిది, విచారణ మనము చేయవలయును.

పి 0135 అను కోడు ముందరి సెన్సరు హీటరు మార్గములో లోపమును దెలుపును. మొదట ఫ్యూజు చూడవలయును. పిదప తీగె వేడిగొట్టమునకు తగిలి కరగినదేమో, కనెక్టరు తుప్పు పట్టినదేమో, ఎలుకలు కొఱికినవేమో పరీక్షింపవలయును. ధాన్యపు కొట్ల చెంత నిలుపు కార్లకు ఈ కడపటి బాధ కలుగుట సులభము.

పి 0171 అను కోడు గాలి హెచ్చినదని చెప్పును. అప్పుడు సెన్సరు నిజమే పలుకుచుండవచ్చును. గాలిగొట్టము పగులుట, గాలిని కొలుచు సెన్సరుపై ధూళి పేరుట, పెట్రోలు పంపు బలహీనమగుట దీనికి కారణములు కావచ్చును. సెన్సరుకు ముందు పొగగొట్టము చిల్లిపడినను బయటి గాలి చొచ్చి అట్టి భ్రమయే కలుగును.

కోడును చెరుపుటకు ముందు, దానితో నిలువయైన ఇంజను వేగము, వేడి మున్నగు లెక్కలను వ్రాసికొనవలయును. చెరిపినచో అవియు పోవును. ఇంజను వేడెక్కిన పిదప ముందరి సెన్సరు వోల్టులు ఎడతెగక ఎక్కుచు దిగుచు నుండవలయును. తక్కినవన్నియు సరిగా నుండియు అవి కదలకున్నచో సెన్సరు మార్చుట యుక్తము. కొన్ని కార్లలో వేఱు విధపు సెన్సరుండును. వానికి ఈ లెక్క చెల్లదు, కంపెనీ పుస్తకమును చూడవలయును.

క్రొత్త సెన్సరును సైతము చెఱచునవి రెండు కలవు: ఇంజనులో నూనె కాలుట, తగని సిలికోను జిగురు వాడుట. వీనిని మాన్పనిదే ఎన్ని సెన్సర్లు వేసినను ఫలము లేదు.

గొట్టము చల్లారకుండ చేయి పెట్టరాదు. దీపము మిణుకుమిణుకుమనుచున్నచో ఇంజను సరిగా మండుటలేదని యెఱిగి, కారును వెంటనే నిలుపవలయును. లేనిచో మండని పెట్రోలు వెలగల కన్వర్టరును పాడుచేయును. ఇకమీదట మన సభ్యులు సెన్సరుకు సొమ్ము చెల్లించుటకు ముందు, “తీగెలు, గొట్టములు చూచితివా?” యని మెకానిక్కును అడుగవలయునని కోరుచున్నాము.