క్యాన్సరువలె కనిపించు రొమ్ము కంతులు

చోడవరము ప్రాంతపు చెఱకు రైతునకు ఒక సంగతి బాగుగ తెలియును. ఆకులు పసుపెక్కి ఎండినంత మాత్రమున అది ఎఱ్ఱకుళ్ళు తెగులని చెప్పుటకు వీలులేదు. నీరు చాలకపోయినను, పురుగు తొలిచినను ఆకు ఎండును. గడను నిలువున చీల్చి చూడవలెను. లోపలి కండ ఎఱ్ఱబారి, నడుమ నడుమ అడ్డముగా తెల్లని పట్టెలున్నచో అది ఎఱ్ఱకుళ్ళే. రొమ్ము కంతుల విషయమునను ఇట్టి చిక్కే కలదు.

రొమ్మును ఎక్స్‌రే కిరణములతో తీసిన చిత్రమును మామోగ్రామ్ అందురు. 1913లో బెర్లిను శస్త్రవైద్యుడు ఆల్బర్టు సాలొమన్, శస్త్రచికిత్సలో తీసివేసిన సుమారు 3000 రొమ్ములను ఎక్స్‌రేతో పరిశీలించి ఈ విద్యకు పునాది వేసెను. చిత్రమున కొవ్వు నల్లగాను, కంతి తెల్లగాను కనిపించును. కంతి అంచునుండి ముండ్లవంటి గీతలు నలుదెసల ప్రాకియున్నచో వైద్యుడు క్యాన్సరును అనుమానించును. ఆ అనుమానము చాలవరకు నిజమే అగును.

అయితే ఆ ముండ్లు క్యాన్సరుకే సొంతమా? కాదు. కంతి సరిహద్దు లేక కొవ్వులోనికి చొచ్చుకొనిపోయినను, చుట్టును పీచు పెరిగి పరిసరములను లోనికి లాగినను అవి ఏర్పడును. గ్రాన్యులర్ సెల్ ట్యూమరు అను అరుదైన కంతి అచ్చముగా ఈ పనియే చేయును. 1926లో దీనిని వర్ణించిన రష్యా శాస్త్రజ్ఞుడు అబ్రికోసోవ్ ఇది కండరమునుండి పుట్టినదని తలచెను. నరములను చుట్టియుండు ష్వాన్ కణములనుండి పుట్టునని తరువాత తేలినది. చేతికి గట్టిగా తగులును. చర్మమును లోనికి లాగును. అల్ట్రాసౌండులో దాని వెనుక నల్లని నీడ పడును. ఇన్ని వేషములు వేసినను, వీనిలో ప్రమాదకరమైనవి నూటికి 1 లేక 2 మాత్రమే!

డెస్మాయిడ్ అను పీచు కంతియు ఇట్లే మోసగించును. అది ఇతర అవయవములకు ప్రాకదు గాని, తీసినచోటనే మరల పెరుగవచ్చును. దెబ్బ తగిలి చచ్చిన కొవ్వు, రొమ్మునకు సోకిన క్షయ కూడ క్యాన్సరును తలపించును. క్షయకు ముఖ్యముగా కావలసినవి మందులు. పొరబడినచో రొమ్మునే కోల్పోవలసివచ్చును.

కనుక గడను చీల్చినట్లే ఇచ్చటను లోపల చూడవలెను. బోలుసూదితో కంతినుండి సన్నని ముక్కలు తీసి సూక్ష్మదర్శినితో పరీక్షింతురు. దీనికి చోడవరమువారు విశాఖపట్నపు కింగ్ జార్జి ఆసుపత్రికో, అగనంపూడిలోని హోమీభాభా క్యాన్సరు ఆసుపత్రికో పోవచ్చును. గ్రాన్యులర్ కంతి కణములు రేణువులతో నిండియుండును. ఎస్-100 అను ప్రోటీనును పట్టించు రంగు వానికి అంటును. అట్లు తేలినచో కంతిని, చుట్టును కొంత మంచి భాగమును తీసివేసిన చాలును.

ముక్కలో ఏమియు దొరకక, చిత్రము మాత్రము క్యాన్సరువలెనే ఉన్నచో? సూది గుఱి తప్పియుండవచ్చును. అప్పుడు వైద్యులు మరల ముక్క తీయుదురు.