'లైట్'కు ఉల్టా ఏంది?

మా ఊరి బడిల సారు చెప్పిండు: లైట్ అంటే వెల్తురు, దాని ఉల్టా డార్క్. కాపీల రాసుకున్న, బట్టీ కొట్టిన. డిగ్రీ అయినంక ఒక సర్కారు నౌకరి పరీక్షల గదే మాట వచ్చింది. 'దిస్ బ్యాగ్ ఈజ్ వెరీ లైట్' అని ఇచ్చి, లైట్‌కు వ్యతిరేక పదం అడిగిండ్రు. ఆప్షన్లల డార్క్ కనవడంగనే గోలం దిద్దిన. ఇంటికొచ్చినంక సోయికొచ్చింది. సంచి చీకటిగ ఎట్లుంటది? అది హెవీ. కటాఫ్‌కు ఒక్క మార్కు తక్కువైంది నాకు.

అప్పుడు సమజైంది ఏందంటే, వ్యతిరేకం మాటకు ఉండదు, అర్థానికి ఉంటది.

మన 'పచ్చి' చూడుండ్రి. పచ్చి కట్టెకు ఉల్టా ఎండు కట్టె. పచ్చి పాలకు కాగిన పాలు. పచ్చి మామిడికాయకు పండు. 'ఎండు పాలు' అని మనలెవ్వరన్న అంటరా? అనరు. ఎందుకంటే మనం మాటను లిస్టుల సదువలే, వస్తువును చూసి నేర్చుకున్నం.

లైట్ గూడ గంతే. రంగైతే లైట్ బ్లూకు డార్క్ బ్లూ. వానైతే లైట్ రెయిన్‌కు హెవీ రెయిన్. వాతావరణ శాఖ లెక్కల 24 గంటలల్ల 2.5 నుంచి 15.5 మిల్లీమీటర్లు పడితే లైట్, 64.5 దాటితే హెవీ. చాయ్ అయితే లైట్‌కు స్ట్రాంగ్. దీపం ముట్టించుడు గూడ లైటే, దాని ఉల్టా పుట్ అవుట్, అంటే ఆర్పుడు. చిన్న సప్పుడుకే లేసేటోడు లైట్ స్లీపర్, డప్పు కొట్టినా లేవనోడు హెవీ స్లీపర్.

మన జేబుల లైసెన్సు మీద గూడ ఈ మాట ఉంటది: లైట్ మోటార్ వెహికిల్. చట్టంల దానికి హద్దు 7,500 కిలోలు. ఆ లైసెన్సుతోని గంత బరువు దాటని రవాణా బండ్లు గూడ నడపొచ్చని 2024 నవంబర్‌ల సుప్రీంకోర్టు చెప్పింది. ఆడ లైట్ అంటే తేలిక అని తెల్వకపోతే మన బతుకుదెరువు మాటే మనకు తెల్వనట్టు.

ఇంకో ముచ్చట. వెల్తురు లైట్, తేలిక లైట్ పుట్టుకతోని రెండు వేరే మాటలు, ఇప్పుడు స్పెల్లింగ్ ఒక్కటైంది. తేలిక లైట్‌కు మన ఛందస్సుల 'లఘువు' దూరపు సుట్టం, సంస్కృతం 'లఘు'ది, దానిది ఒక్కటే మూలం. మరి లఘువుకు ఉల్టా ఏంది? గురువు, అంటే బరువైంది. పదో తరగతిల గణాలు కట్టినోళ్లందరికీ ఎరుకే. హెవీ అనే జవాబు మన తెలుగు వాచకంలనే ఉండె, నేనే చూస్కోలే.

అందుకే తమ్ముళ్లు, చెల్లెండ్లు, పరీక్షల వ్యతిరేక పదం అడిగితే ముందుగాల ఆప్షన్లు చూడకుండ్రి. వాక్యం సదువుండ్రి, ఆ వస్తువును కండ్ల ముంగట పెట్టుకోండ్రి. వాక్యం ఇయ్యకుంటే నాలుగు ఆప్షన్లను ఒక్కో అర్థంతోని జోడించి చూడుండ్రి. ఒక్క మార్కే గదా అని లైట్ తీస్కోకుండ్రి. నాకు అది మస్తు హెవీ అయింది.