మరణం తరువాతా ఊపిరి: ఊపిరితిత్తుల మార్పిడికి తొలి అడుగు జిల్లా ఆసుపత్రిలోనే
- ప్రత్యేక వ్యాసం -

కలిదిండి, ఏలూరు జిల్లా: పదకొండవ శతాబ్దంలో కలిదిండి వద్ద జరిగిన యుద్ధంలో నేలకొరిగిన ముగ్గురు చోళ సేనానుల స్మృత్యర్థం తూర్పు చాళుక్య ప్రభువు రాజరాజనరేంద్రుడు ఇచ్చట శివాలయాలు నిర్మింపజేసినట్లు కలిదిండి తామ్రశాసనం తెలుపుతున్నది. మరణించిన వారి స్మృతిని నిలుపుకొనడం ఈ నేలకు కొత్త కాదు. ఆ స్మృతిని మరొకరి ప్రాణంలో నిలిపే అవకాశాన్ని నేటి వైద్యశాస్త్రం అవయవదానం రూపంలో కల్పించింది. దానమిచ్చే అవయవాలలో ఎంతో సున్నితమైనది, త్వరగా పాడైపోయేది ఊపిరితిత్తి. అందుచేత ఈ చికిత్స జయాపజయాలు మహానగరంలోని శస్త్రవైద్యుని చేతిలోనే కాక, దాత చివరి గంటలు గడిపిన ఆసుపత్రి చేతిలో కూడా ఉంటాయి.

ఎవరికి అవసరం?

ఊపిరితిత్తులు గట్టిపడిపోయే ఫైబ్రోసిస్, దీర్ఘకాలిక శ్వాస అవరోధ వ్యాధి, శ్వాసనాళాలు శాశ్వతంగా వ్యాకోచించే బ్రాంకియెక్టాసిస్, ఊపిరితిత్తుల రక్తనాళాలలో అధిక పీడనం వంటి వ్యాధులు ముదిరి, మందులకు లొంగని దశకు చేరినపుడు మాత్రమే వైద్యులు మార్పిడిని సూచిస్తారు. ధూమపానం, కట్టెల పొయ్యి పొగ, కొన్ని రకాల దుమ్ము, పూర్వం సోకిన క్షయ ఊపిరితిత్తులను దెబ్బతీసే కారణాలలో ముఖ్యమైనవి. రోగి మంచం పట్టిన తరువాత పంపడం కంటె, నడవగలిగిన స్థితిలో ఉండగానే మార్పిడి కేంద్రానికి పంపడం మేలు. ఇటీవలి కాన్సర్, తగ్గని అంటువ్యాధి, మానని పొగాకు అలవాటు ఉన్నవారికి ఈ శస్త్రచికిత్స సాధారణంగా చేయరు.

నాటి నుండి నేటి వరకు

ప్రపంచంలో తొలి ఊపిరితిత్తి మార్పిడిని 1963 జూన్ 11న అమెరికాలోని మిసిసిపీ విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో డాక్టర్ జేమ్స్ హార్డీ చేశారు. రోగి 18 రోజులు జీవించారు. శరీరం పరాయి అవయవాన్ని తిరస్కరించకుండా కాపాడే సైక్లోస్పోరిన్ మందు వచ్చిన తరువాత, 1983లో టొరంటోలో డాక్టర్ జోయెల్ కూపర్ బృందం సాధించిన విజయంతో ఈ చికిత్స నిలదొక్కుకొన్నది. మన దేశంలో 1999లో చెన్నైలో డాక్టర్ కె.ఎం.చెరియన్ గుండె, ఊపిరితిత్తులను కలిపి మార్పిడి చేశారు. 2020లో కోవిడ్ విజృంభించిన రోజులలో హైదరాబాదు కిమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సందీప్ అత్తావర్ బృందం కోవిడ్ సోకిన రోగికి రెండు ఊపిరితిత్తులను మార్చింది. కోల్‌కతాలోని దాత నుండి సేకరించిన ఊపిరితిత్తులను ఇందుకోసం విమానంలో తరలించారు.

గంటల లెక్క

సేకరించిన మూత్రపిండాన్ని ఒక రోజు వరకు భద్రపరచవచ్చు. ఊపిరితిత్తికి మాత్రం సుమారు 4 నుండి 6 గంటలే గడువు. ప్రత్యేక ద్రావణంతో కడిగి, కొంత గాలి నింపిన స్థితిలోనే సంచులలో భద్రపరచి, మంచు పెట్టెలో ఉంచి తరలిస్తారు. ఒక బృందం దాత వద్ద పని చేస్తుండగానే, మరొక బృందం రోగిని థియేటరులో సిద్ధం చేస్తుంది. శ్వాసనాళాన్ని, ఊపిరితిత్తుల ధమనిని, సిరలు కలిసే ఎడమ కర్ణిక భాగాన్ని వరుసగా అతుకుతారు. అవసరమైతే ఆ సమయంలో ఎక్మో యంత్రం రోగి రక్తానికి ప్రాణవాయువు అందిస్తుంది.

అవయవదాతలు అందరి ఊపిరితిత్తులూ పనికిరావు. అంతర్జాతీయ అనుభవం ప్రకారం సుమారు ఐదుగురు దాతలలో ఒకరివి మాత్రమే మార్పిడికి యోగ్యంగా ఉంటున్నాయి. ఆహారం శ్వాసనాళంలోకి జారడం, వెంటిలేటర్ వల్ల సోకే న్యుమోనియా, సెలైన్ అధికంగా ఎక్కించడం, మెదడు దెబ్బ వల్ల ఊపిరితిత్తులలో నీరు చేరడం ఇందుకు ప్రధాన కారణాలు. ఇందులో కొన్నింటిని ఐ.సి.యు. సిబ్బంది జాగ్రత్తతో నివారించవచ్చును. తల ఎత్తి పడుకోబెట్టడం, శ్వాసనాళాన్ని శుభ్రం చేస్తూ ఉండడం, వెంటిలేటర్ పీడనాన్ని అదుపులో ఉంచడం పెద్ద ఖర్చుతో కూడిన పనులు కావు.

చట్టం ఏమి చెబుతోంది?

అవయవ మార్పిడిపై కేంద్రం 1994లోను, రాష్ట్ర శాసనసభ 1995లోను చట్టాలు చేశాయి. బ్రెయిన్ డెత్‌ను నలుగురు వైద్యుల బృందం నిర్ధారించాలి. కనీసం 6 గంటల వ్యవధితో రెండు పర్యాయాలు పరీక్షలు జరపాలి. ఆ తరువాత సమీప బంధువులు లిఖితపూర్వకంగా అంగీకరిస్తేనే అవయవాలను సేకరిస్తారు. అవయవాల క్రయవిక్రయాలు శిక్షార్హమైన నేరం. దాత కుటుంబంపై అవయవ సేకరణ ఖర్చు పడరాదు.

ఉమ్మడి రాష్ట్రంలో 2013లో ఆచరణలోకి వచ్చిన జీవన్‌దాన్ పథకం, విభజన అనంతరం ఆంధ్రప్రదేశ్‌లో విజయవాడలోని డాక్టర్ ఎన్.టి.ఆర్. ఆరోగ్య విశ్వవిద్యాలయం కేంద్రంగా సాగుతున్నది. మార్పిడి చేసే సౌకర్యం లేని ఆసుపత్రులు సైతం తగిన ఐ.సి.యు., థియేటర్ ఉంటే అవయవ సేకరణ కేంద్రాలుగా నమోదు కావచ్చును.

డెల్టాకు ఎందుకు ముఖ్యం?

2022 ఏప్రిల్ 4న కృష్ణా జిల్లా నుండి ఏలూరు జిల్లాలో చేరిన కలిదిండి మండలం కొల్లేరు ప్రాంతపు చేపల, రొయ్యల చెరువుల నడుమ ఉన్నది. రోడ్డు ప్రమాదంలో తలకు తీవ్ర గాయమైన వ్యక్తిని ఇక్కడి నుండి ముందుగా కైకలూరుకో, భీమవరానికో, ఆపై ఏలూరు, విజయవాడలకో తరలిస్తారు. బ్రెయిన్ డెత్ నిర్ధారణ ఆలస్యమైన కొద్దీ ముందుగా చేజారిపోయేది ఊపిరితిత్తే. ప్రమాద కేసులలో పంచనామా, పోస్టుమార్టం ఉంటాయి కనుక పోలీసు అధికారి, ఫోరెన్సిక్ వైద్యుడు సేకరణ బృందంతో కలిసి పనిచేస్తే విలువైన గంటలు మిగులుతాయి. 2023లో గుంటూరులో దానంగా లభించిన గుండెను హెలికాప్టరులో తిరుపతికి చేర్చిన సందర్భం, యంత్రాంగం ఒక్కటై కదిలితే దూరం అడ్డు కాదని నిరూపించింది.

చికిత్స తరువాత

మార్పిడితో రోగి కష్టాలన్నీ తీరిపోతాయని చెప్పడం సరికాదు. తిరస్కరణను అరికట్టే మందులు జీవితాంతం వాడాలి. ఆ మందులు వ్యాధి నిరోధక శక్తిని తగ్గిస్తాయి. అతికిన ఊపిరితిత్తికి నరాల సంబంధం తెగిపోవడం వల్ల దగ్గు సరిగా రాక, అంటువ్యాధులు సులభంగా సోకుతాయి. బూజు పట్టిన గడ్డివాములకు, పక్షుల రెట్టలకు దూరంగా ఉండడం, కాచిన నీరే త్రాగడం కొల్లేరు గ్రామాల వారు ముఖ్యంగా పాటించవలసినవి. అంతర్జాతీయ గణాంకాల ప్రకారం సుమారు 85 శాతం మంది ఏడాదికి పైగా, సగానికి పైగా రోగులు అయిదేళ్లకు పైగా జీవిస్తున్నారు. నెలలు లెక్కపెట్టుకొనే రోగికి ఆ ఏళ్లు అమూల్యమైనవి.

పాత్రికేయుల బాధ్యత

కోమా వేరు, బ్రెయిన్ డెత్ వేరు. కోమాలోని వ్యక్తి కోలుకొనే అవకాశం ఉంది. బ్రెయిన్ డెత్ చట్టరీత్యా మరణమే. వెంటిలేటర్ వల్ల ఛాతీ కదులుతున్నంత మాత్రాన ప్రాణమున్నట్లు కాదు. వార్తలలో ఈ రెండింటినీ ఒకటిగా రాస్తే, ఐ.సి.యు. వెలుపల నిలబడిన కుటుంబానికి వైద్యుని మాటపై అనుమానం కలుగుతుంది. దాత, గ్రహీతల వివరాలను గోప్యంగా ఉంచడం కూడా అవసరం.

అవయవదానంపై సందేహాలకు జాతీయ అవయవ, కణజాల మార్పిడి సంస్థ ఉచిత ఫోన్ నెం. 1800-11-4770ను సంప్రదించవచ్చును. ప్రతిజ్ఞ పత్రంపై సంతకం చేసినవారు ఆ విషయాన్ని ఇంటిలోని వారికి తెలియజేయడం మరువరాదు. చివరి క్షణంలో అంగీకారం తెలుపవలసినది వారే.